వెలుతురు లెక్క

మా కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి ‘నెట్ పోయింది’ అనగానే నేనడిగే మొదటి మాట: ‘బాక్సు మీద ఎర్రలైటు వెలుగుతోందాండీ?’ ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎరుపు కొట్టుకుంటోందంటే మీ ఇంటిదాకా వెలుతురు రావట్లేదని అర్థం.

ఫైబర్‌లో నడిచేదంతా వెలుతురే. మా ఆఫీసులో ఉండే ఓఎల్‌టీ అనే యంత్రం లేజరు కాంతిని పంపుతుంది. 1490 నానోమీటర్ల ఆ కాంతి కంటికి ఆనదు. దారిలో స్ప్లిటర్లు దాన్ని పంచుకుంటూ పోతే ఒక్క పోర్టు మీద 64 ఇళ్లు నడుస్తాయి. పోర్టంతా పడిపోతే మెయిన్ కేబుల్ తెగినట్టు. ఎనిమిది ఇళ్లే పోతే స్తంభం మీద స్ప్లిటర్ డబ్బా చూడాలి. ఒక్క ఇల్లే అయితే ఆ ఇంటి వైరు. నిచ్చెన దించకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

కరెంటు పోయిందా, వైరు తెగిందా అన్నదీ ఆఫీసులోనే తెలుస్తుంది. కరెంటు పోగానే బాక్సు తనలో మిగిలిన కాస్త ఛార్జ్‌తో ఆఖరి కబురొకటి పంపి ఆరిపోతుంది. దీన్ని ‘డైయింగ్ గ్యాస్ప్’ అంటారు. వైరు తెగితే ఆ కబురు రాదు. ఇంత చిన్న ఏర్పాటు మా కుర్రాళ్లకి ఎన్ని దండగ ప్రయాణాలు తప్పిస్తుందో!

ఎరుపు లేకపోయినా నెట్ రాలేదంటే తప్పు మన వీధిలో ఉండకపోవచ్చు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా ఆగిపోయాయి. నిర్వహణలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌నే తెంచేసింది. దాంతో తమ సర్వర్లకి దారి చూపే బీజీపీ ప్రకటనలు కూడా ఆగాయి. ఏ ఊళ్లో ఏ వైరూ తెగలేదు.

తెగిన వైరుతో పెద్ద బాధ లేదు. ఓటీడీఆర్ అనే పరికరం కాంతిని పంపి, అది తిరిగొచ్చిన సమయాన్నిబట్టి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెబుతుంది. అక్కడికెళ్లి స్ప్లైసింగ్ మిషన్‌తో కొసలు కరిగించి అతికిస్తాం. బాధంతా సగం ప్రాణంతో ఉన్న వైరుతోనే. బీరువా జరిపినప్పుడు మడత పడుంటుంది, లేదా కనెక్టర్లో దుమ్ము చేరుంటుంది. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. వెలుతురు కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 20 డీబీఎం చూపాల్సింది మైనస్ 26 చూపిస్తుంది. 3 డీబీ తగ్గితే వెలుతురు సగం, 6 తగ్గితే పావే. మైనస్ 27 దాటాక చాలా బాక్సులు తడబడతాయి.

ఇలాంటప్పుడు ‘ఆపి మళ్లీ వేయండి’ అని సర్ది చెప్పడం నాకు బొత్తిగా నచ్చదు. కనెక్షన్ ఇచ్చిన రోజు రీడింగు ఎంతో మా పుస్తకంలో ఇంటింటికీ రాసుంటుంది. ఇవాళ్టి అంకె దాని పక్కన పెడితే జబ్బు ఉందో లేదో తేలిపోతుంది. మొదటి అంకె లేకపోతే మైనస్ 24 మంచిదో చెడ్డదో ఎవరు చెప్పగలరు?

కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఆ అంకె అడిగి బాక్సు అడుగున రాయించుకోండి. మిగిలిన వైరుని చిన్న చుట్టగా బిగించి కట్టకండి. ఊడిన కొసలోకి కన్ను పెట్టి అస్సలు చూడకండి.