గూటిలో ఎవరి వంతు వారిది



గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. గుడ్లను ఆడపక్షీ మగపక్షీ వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి మేతకు వెళితే మరొకటి గూటిని కాస్తుంది. పిల్లలు తల్లి గొంతుసంచిలోనూ తండ్రి గొంతుసంచిలోనూ తలదూర్చి చేపలు తింటాయి.

రెక్కలతో ఎగిరే పక్షులు సైతం మన వంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6:38) తెలుపుతోంది. అవి నికాహ్ నాటి ఖుత్బా వినలేదు. అయినా తమ వంతును మరువవు. మనం విన్నాము, మరిచాము. మా వద్దకు వచ్చే దంపతుల తగవులలో అనేకం "అది నా పని కాదు" అనే ఒక్క మాటతోనే మొదలవుతున్నాయి. దైవప్రవక్త (స) ఇంట ఉన్నప్పుడు ఇంటివారి పనులలో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (ర.అ.) తెలియజేశారు. మరి ఆ పని మనకు చిన్నతనం ఎలా అవుతుంది?

పక్షికి అది అల్లాహ్ ఇచ్చిన సహజ స్వభావం. మనిషికి మాత్రం చేయడానికీ మానడానికీ స్వేచ్ఛ ఉంది. అందుకే చేస్తే పుణ్యం, మానితే ప్రళయదినాన లెక్క.

నేడు జుమా నమాజు ముగించి ఇల్లు చేరాక, విస్తరి ముందు కూర్చునే మునుపు, "ఈ పూట నా వంతు ఏమిటి?" అని ఇంటివారిని అడుగుదాము. అల్లాహ్ మన ఇళ్లను ప్రశాంత నిలయాలుగా చేయుగాక! ఆమీన్.