పోరస్ గెలిచాడా, ఓడాడా? సాక్షులందరూ గ్రీకు వైపు వాళ్లే

క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండర్‌కూ పోరస్‌కూ జరిగిన యుద్ధం ఒక్క రోజులో ముగిసింది. దాని మీద వాదన మాత్రం మన దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. మనం పురుషోత్తముడని పిలుచుకునే పోరస్ ఓడిపోయాడని, ఓడినా తల వంచలేదని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. నిజానికి గెలిచింది ఆయనేనని, పాశ్చాత్య చరిత్రకారులు ఆ సంగతి దాచేశారని సోషల్ మీడియా పోస్టులు చెబుతున్నాయి. ఏది నమ్మాలో తేల్చుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు పోరస్ అనే రాజు ఉన్నాడని మనకెలా తెలిసింది?

ఒక వైపు సాక్ష్యం

గ్రీకు, లాటిన్ రచనల వల్లే తెలిసింది. అలెగ్జాండర్ దండయాత్ర గురించి గానీ, పోరస్ గురించి గానీ చెప్పే ఆ కాలపు భారతీయ గ్రంథం, శాసనం ఏదీ దొరకలేదు. చివరికి ఆయన పేరు కూడా గ్రీకు ఉచ్చారణలోనే మన దాకా వచ్చింది. పౌరవుడు, పురుషోత్తముడు అన్నవి దాన్నుంచి తర్వాతివాళ్లు ఊహించుకున్న రూపాలు.

గ్రీకు సాక్ష్యానికీ లోపాలున్నాయి. అలెగ్జాండర్ వెంట నడిచిన టాలమీ, అరిస్టోబులస్ రాసిన పుస్తకాలు కాలగర్భంలో కలిసిపోయాయి. వాటి ఆధారంగా రాసిన అరియన్ క్రీ.శ. 2వ శతాబ్దం వాడు. డయోడోరస్, కర్టియస్, ప్లూటార్క్ కూడా యుద్ధం జరిగిన మూడు నాలుగు వందల ఏళ్లకు రాసినవాళ్లే. అంకెల్లో వీళ్లకు పొంతన కుదరదు. పోరస్ దగ్గర 200 ఏనుగులున్నాయని అరియన్ అంటే, డయోడోరస్ 130 అన్నాడు, కర్టియస్ 85 అన్నాడు. అలెగ్జాండర్ సైన్యంలో చనిపోయినవాళ్లు అరియన్ లెక్కలో 300 పైచిలుకు, డయోడోరస్ లెక్కలో దాదాపు వెయ్యి.

ఫలితం దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకే మాట. పోరస్ చివరి దాకా పోరాడి, గాయాలతో పట్టుబడ్డాడు. ఆయన ధైర్యానికి మెచ్చి అలెగ్జాండర్ రాజ్యం తిరిగిచ్చాడు, దానికి మరికొంత ప్రాంతం కలిపాడు. ఆ కాలానివిగా భావించే వెండి నాణేలు కూడా ఉన్నాయి. వాటి మీద ఒక వైపు ఏనుగును తరుముతున్న గుర్రపు రౌతు, రెండో వైపు విజయదేవత కిరీటం పెడుతుండగా నిలబడ్డ అలెగ్జాండర్ కనిపిస్తారు. వీటిలో ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

గెలుపు వాదన ఎక్కడిది?

గెలిచినవాడు రాజ్యాన్ని తిరిగి ఎందుకిస్తాడన్నది మొదటి వాదన. లొంగిన రాజుల చేతే పాలన సాగించడం అలెగ్జాండర్‌కు మామూలే. తక్షశిల రాజు అంభి విషయంలోనూ అదే చేశాడు. అలెగ్జాండర్ సైన్యం వెనక్కి మళ్లడం రెండో వాదన. కానీ ఆ సైన్యం వెనుదిరిగింది జీలం నుంచి కాదు. చీనాబ్, రావి నదులు దాటి బియాస్ దాకా వెళ్లాక, ముందుకు నడవబోమని సైనికులు మొండికేశారు. ఎనిమిదేళ్లుగా ఇంటి ముఖం చూడకపోవడం, ఎడతెగని వానలు, అవతల గంగా తీరంలో వేల ఏనుగులున్న సైన్యం ఎదురుచూస్తోందన్న వార్తలు అందుకు కారణాలు. పోరస్‌తో పోరు మాసిడోనియన్ల ఉత్సాహాన్ని దెబ్బతీసిందని ప్లూటార్క్ కూడా రాశాడు. ఈ మాటను తరచూ ఉదాహరిస్తారు. పోరస్ పట్టుబడ్డాడని రాసింది కూడా ఆయనే.

మూడో ఆధారంగా చూపేది ఇథియోపియా భాషలోని అలెగ్జాండర్ గాథ. పోరస్ ముందు అలెగ్జాండర్ సైన్యం కుదేలైనట్టు అందులో ఉన్న మాట వాస్తవం. అయితే అది వందల ఏళ్ల తర్వాత పుట్టిన కల్పిత గాథ. పైగా అందులో ఇద్దరూ ద్వంద్వయుద్ధానికి దిగితే చనిపోయేది పోరసే. ఆ పేజీని పోస్టుల్లో ఎవరూ పెట్టరు.

తెర మీద, వేదిక మీద

తెరకు కావలసింది చరిత్ర కన్నా నాటకం. సోహ్రాబ్ మోదీ 1941లో తీసిన ‘సికందర్’లో అలెగ్జాండర్‌గా పృథ్వీరాజ్ కపూర్, పోరస్‌గా మోదీ నటించారు. 1965 నాటి ‘సికందర్-ఎ-ఆజమ్’లో అదే పృథ్వీరాజ్ పోరస్ అయ్యారు. 2004లో ఆలివర్ స్టోన్ జీలం యుద్ధాన్ని, ఆ తర్వాత మాళవుల మీది దాడిలో అలెగ్జాండర్‌కు తగిలిన బాణాన్ని కలిపి ఒకే యుద్ధంగా చూపించారు. 2017లో మొదలైన హిందీ సీరియల్ ‘పోరస్’ ఆ రాజునే కథానాయకుణ్ని చేసింది. వినోదంగా వీటితో పేచీ లేదు. వాటినే చరిత్రగా తీసుకోవడంతోనే చిక్కు.

రాజకీయ వేదికల మీద చిక్కు మరింత ముదురుతుంది. అలెగ్జాండర్‌ను చంద్రగుప్త మౌర్యుడు ఓడించాడని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ 2021 నవంబరులో అన్నారు. ఈ ఇద్దరి మధ్య యుద్ధం జరిగిన దాఖలాలే లేవు. అలెగ్జాండర్ క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో చనిపోయాడు. చంద్రగుప్తుడు ఎదుర్కొన్నది అతని సేనానుల్లో ఒకడైన సెల్యూకస్‌ను, అదీ సుమారు ఇరవై ఏళ్ల తర్వాత.

నచ్చితే సాక్ష్యం, నచ్చకపోతే కుట్ర

ఆ సెల్యూకస్ పంపిన రాయబారి మెగస్తనీస్ తెలుగు పాఠకులకు కొత్తవాడు కాదు. ఆంధ్రులకు 30 కోట నగరాలు, లక్ష కాల్బలం, 2,000 అశ్వాలు, 1,000 ఏనుగులు ఉండేవన్న మాటను ఆయన పేరుతోనే మన చరిత్ర పుస్తకాలు గర్వంగా చెబుతాయి. మెగస్తనీస్ ‘ఇండికా’ కూడా పోయింది. ఆ వాక్యం క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ పుస్తకంలో మిగిలింది. అంటే పోరస్ ఓటమికి ఉన్నట్టే ఆంధ్రుల 30 కోటలకూ ఉన్నది చేతులు మారి వచ్చిన విదేశీ సాక్ష్యమే. ఒకదాన్ని ఉత్తుత్తి కథ అని, మరోదాన్ని తిరుగులేని రుజువు అని అనడం కుదరదు. రెండింటినీ ఒకే తక్కెడలో తూచాలి.

తరగతి గదిలో పిల్లలకు ముందు నేర్పాల్సింది ఆ తూచడమే. ఈ మాట ఎవరు రాశారు, ఎన్నేళ్లకు రాశారు, ఎవరి మెప్పు కోసం రాశారు, ఇంకెవరైనా అదే చెప్పారా అని అడగడం వస్తే, ఫార్వర్డ్ అయ్యే సందేశాన్నీ వాళ్లు అలాగే అడుగుతారు.

గ్రీకులు తమ పరువు కోసమే రాశారనేవాళ్లు పోరస్ చివరి రోజుల గురించి కూడా చదవాలి. అలెగ్జాండర్ మరణం తర్వాత, అతని సైన్యాధికారి యుడెమస్ పోరస్‌ను నమ్మించి చంపి, 120 ఏనుగులను తోలుకుపోయాడు. జీలం ఒడ్డున నిలిచిన రాజు చివరికి ద్రోహానికి బలయ్యాడు. ఆ ద్రోహాన్ని రాసిపెట్టింది డయోడోరస్. అతనూ గ్రీకువాడే.