గుడ్డపై గీత తప్పని కోత

భిలాయి ఉక్కునగరంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో వెలిగింది. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పాత నూలుచీరలతో బొంత కుట్టడం తెలియని విద్య కాదు.

ఉక్కుకూ బొంతకూ నేడొక చుట్టరికం కలిసింది. అంకెల ఆజ్ఞలతో లోహాన్ని చెక్కే యంత్రాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1952లో ప్రదర్శించింది. అదే సూత్రంతో, బల్లమీద ఇమిడే చిన్న యంత్రం ఇప్పుడు గుడ్డను కత్తిరిస్తున్నది. గీసి ఇచ్చిన నెమలిని పదిమార్లయినా ఒకే తీరున కోస్తుంది.

అయితే, వాడి మెత్తబడిన చీర కత్తి క్రింద జారుతుంది. కనుక గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, జిగురు పూసిన పలకపై పరచాలి. అంచు మడిచి కుట్టే అతుకుకు చుట్టూ పావు అంగుళం అదనంగా విడవాలి. తొలి కోత పనికిరాని పేలికపైనే జరగాలి. అమ్మ చీర ఒక్కటే. కోత తప్పితే మరొకటి దొరకదు.