నాయనమ్మ గోడ మీది నిర్మల్ బొమ్మ: తుడవకముందు తిప్పి చూడండి

ముందుగా ఒక మాట. మాది పోచంపల్లి కాదు, పోచంపాడ్. చీరల ఊరు వేరే, మాది డ్యామ్ ఊరు. 1963 జులైలో నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు మాదే. ఇక్కడ గోదావరి బ్రిడ్జి దాటి, సోన్ మీదుగా పోతే నిర్మల్. అందుకే మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఏదో ఒక గోడకు నిర్మల్ పెయింటింగ్ కనిపిస్తుంది. నల్లటి నేల మీద బంగారు రంగులో రాధాకృష్ణులో, అజంతా ఆడవాళ్ళో, నెమళ్ళో ఉంటాయి. పెళ్ళికి ఎవరో ఇచ్చిందై ఉంటుంది, లేదంటే రిటైర్మెంట్ రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చిందై ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది రెండో రకం. మా తాత బోధన్ దగ్గర షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, 1974లో రిటైర్ అయ్యాడు. తోటివాళ్ళంతా పైసలు వేసుకుని ఒక రాధాకృష్ణుల బొమ్మ కొనిచ్చారు. యాభై ఏళ్ళు నాయనమ్మ దేవుడి అర్రలోనే ఉంది. పోయిన సంవత్సరం చిన్నాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. బొమ్మ నల్లబడింది, బోర్డులు రాసే పెయింటర్‌తో రంగులు వేయించి హాల్లో పెడతానన్నాడు. అదే వారంలో ఆయన ఫోన్‌కి ఎవరో మెసేజ్ పెట్టారు: "ఇది రెండు వందల ఏళ్ళ నాటిది, అసలు బంగారం, ఐదు లక్షలు ఇస్తాం, ముందు చెకింగ్ ఫీజు కట్టండి" అని. ఇగ చూడండి, రంగులు వేయించాలా, అమ్మాలా, అమ్మితే ఎవరి వాటా ఎంత అని ఇంట్లో మాటామాటా పెరిగింది.

నేను చేసింది ఒక్కటే. బొమ్మను తిప్పి చూశాను.

తిప్పడానికీ ఒక పద్ధతుంది. ముందు గది లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను ఎదురుగా కాకుండా ఒక పక్క నుంచి, బొమ్మకు దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. రంగు ఎక్కడ పొరలుగా లేచిందో, ఎక్కడ పగిలిందో నీడలతో సహా తెలుస్తుంది. ఆ వెలుతురులోనే ఫోటోలు తీసి పెట్టుకోండి. రంగు లేచి ఉంటే తిప్పకండి, బోర్లా అసలే పెట్టకండి. గట్టిగా ఉంటేనే ఇద్దరు పట్టుకుని, మెత్తటి దుప్పటి మీద నెమ్మదిగా తిప్పండి.

మా బొమ్మ వెనక రెండు దొరికాయి. ఒకటి, అది హార్డ్‌బోర్డు. చెక్కపొట్టును ఆవిరితో నొక్కి చేసే ఈ అట్టను అమెరికాలో విలియం మేసన్ కనిపెట్టిందే 1924లో. ముందువైపు వేసింది డ్యూకో పెయింట్. అదీ 1920లలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన రంగే. ఇగ రెండు వందల ఏళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? నిర్మల్ నకాషీల పనితనం శతాబ్దాల నాటిదే, అందులో అనుమానం లేదు. పూర్వం చెట్ల పసర్లతో ఆ బంగారు మెరుపు తెప్పించేవాళ్ళని కూడా చెప్తారు. కానీ కళ పాతదైనంత మాత్రాన మీ గోడకున్న బొమ్మ పాతది కాదు. చెకింగ్ ఫీజు అడిగిన నంబర్‌ని అక్కడే బ్లాక్ చేశాం.

రెండోది, ఒక కాగితం ముక్క. బోర్డుకు జిగురుతో అతికించి ఉంది. తాత పేరు, 1974, కింద తొమ్మిది సంతకాలు. కొన్ని తెలుగులో, కొన్ని ఉర్దూలో, ఒకటి వేలిముద్ర. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. తాత అక్కడ పనిచేశాడని చెప్పడానికి మా ఇంట్లో మిగిలిన కాగితం ఇదొక్కటే. పెయింటర్ చేతిలో పడి ఉంటే కొత్త ప్లైవుడ్ కొట్టేవాడు, అది లోపలే పోయేది.

ఇప్పుడు క్లీనింగ్ సంగతి. డ్యూకోలో ఉండేది నైట్రోసెల్యులోజ్. గోళ్ళ రంగులో ఉండేదీ అదే. గోళ్ళ రంగు రిమూవర్‌తో పోతుంది కదా? రిమూవర్‌లోని అసిటోన్ గానీ, థిన్నర్ గానీ తగిలితే ఈ బొమ్మ కూడా అట్లనే కరిగిపోతుంది. అదే మన కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే పటమైతే లెక్క వేరే. బట్ట మీద సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి రాస్తారు కాబట్టి దానికి నీళ్ళే శత్రువు. (ఆ పటం పాతబడితే కొత్తది రాయించుకుని, పాతదాన్ని పూజ చేసి నీళ్ళలో కలిపే ఆచారం ఉంది. పాతదాన్ని దాచుకోవడం అందరి పద్ధతీ కాదు.) అందుకే యూట్యూబ్‌లో ఎవరో ఉల్లిగడ్డతోనో, బ్రెడ్డుతోనో తుడిచారని మీరు మొదలుపెట్టకండి. మెత్తటి పొడి బ్రష్‌తో, రంగు గట్టిగా ఉన్నచోట మాత్రమే దుమ్ము దులపండి. అక్కడితో ఆపండి.

మిగతాది కన్జర్వేటర్ పని. వాళ్ళు దూదిపుల్లతో ముందు ఒక మూల చూస్తారు. కొన్నిసార్లు మనిషి ఉమ్ముతో కూడా తుడుస్తారు, నిజంగానే. అందులోని ఎంజైములు మసిని పట్టుకుంటాయి. రంగు ఊడినచోట మాత్రమే, తర్వాత తీసేయగలిగే రంగుతో పూరిస్తారు. పాత రంగు మీదికి పోరు. 2012లో స్పెయిన్‌లో బోర్హా అనే ఊళ్ళో ఒక పెద్దావిడ భక్తితోనే చర్చి గోడమీది ఏసు బొమ్మకు రంగులు వేసింది. ఆ మీమ్ మీరంతా చూసే ఉంటారు. ఉద్దేశం మంచిదైనా కింది బొమ్మ పోయింది.

మా దగ్గర అసలు చిక్కు కుంకుమ దగ్గర వచ్చింది. యాభై ఏళ్ళు నాయనమ్మ రాధమ్మ నుదుటికి బొట్టు పెట్టింది. అక్కడ ఒక ఎర్రటి పొర గట్టిపడి ఉంది. కన్జర్వేటర్ అడిగారు: "ఇది మురికా, బొమ్మలో భాగమా? మీరే చెప్పాలి" అని. చిన్నాయన తీసేయమన్నాడు, బాపు వద్దన్నాడు. నాకైతే దీపం మసి వేరు, బొట్టు వేరు. మసి దానంతట అదే పట్టింది, బొట్టు ఒక మనిషి చేత్తో పెట్టింది. చివరికి మసి తీయించి, బొట్టు ఉంచేశాం. ఇంకో ఇంట్లో ఇంకోలా తేల్చుకోవచ్చు, తప్పేం లేదు.

ఇగ ధర. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుస్సేన్ 'గ్రామ యాత్ర' న్యూయార్క్‌లో సుమారు 118 కోట్లకు పోయింది. అది 1954 నాటి బొమ్మ. అంటే వయసుకు వచ్చిన డబ్బు కాదు. గీసింది హుస్సేన్, అలాంటిది ఇంకోటి లేదు, ఢిల్లీలో కొన్న డాక్టర్ నుంచి ఓస్లో ఆసుపత్రి దాకా ఎవరి చేతిలో ఎప్పుడుందో కాగితాలున్నాయి. మన నిర్మల్ బొమ్మలు వర్క్‌షాప్‌లో ఒకే నమూనా మీద ఎన్నో చేసినవి, చాలావాటికి సంతకం ఉండదు. అందుకే అదే సైజులో కొత్తది ఎంతో అడిగి తెలుసుకోండి, మీ అంచనా అక్కడ మొదలుపెట్టండి. లక్షల మాట మర్చిపోండి.

మీ దగ్గర నిజంగానే వందేళ్ళు దాటిన పెయింటింగ్ ఉంటే 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. విదేశాలకు పంపకూడదు, కొని అమ్మే వ్యాపారికి లైసెన్స్ ఉండాలి. ఇంకొకటి, ఇంట్లో వాడుకున్న వస్తువే కదా అనుకుంటారు గానీ, పెయింటింగ్ అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంటుంది.

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంకు సొంత కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది. ప్రైవేటు పనులు చేసే మంచివాళ్ళు ఎవరో అక్కడ అడగడం మొదలుపెట్టండి. ఇంట్లో పెట్టేటప్పుడు బొమ్మ వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అతికించండి, వానాకాలం చెమ్మ గోడ నుంచి బోర్డుకు ఎక్కదు. ప్లాస్టిక్ కవర్ చుట్టకండి, ల్యామినేషన్ అసలే వద్దు.

మా బొమ్మ ఇప్పుడు చిన్నాయన హాల్లోనే ఉంది. వెనక కాగితాన్ని కదిలించలేదు. దాని ఫోటో ఒకటి పెద్దది చేసి బాపు తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ తొమ్మిది సంతకాల్లో నలుగురి ఇళ్ళు దొరికాయి, వాళ్ళ మనవలకు కూడా పంపాం. వేలిముద్ర ఎవరిదో ఇంకా వెతుకుతున్నాం.