కరెంట్ కంటే ముందు కూలింగ్.. స్పేస్ స్టేషన్ గేమ్‌లోనూ, ఆర్‌టీపీపీలోనూ ఇదే రూల్!

స్పేస్ స్టేషన్‌లో కరెంట్ పోతే లైట్లు వెలగవు, తలుపులు తెరుచుకోవు. 2003లో వచ్చిన మల్టీప్లేయర్ గేమ్ 'స్పేస్ స్టేషన్ 13'లో అందుకే ఇంజినీర్ మొదటి డ్యూటీ జనరేటర్ ఆన్ చేయడం.

ఎలాగంటే.. ఇంజిన్ గదిలో సూపర్‌మ్యాటర్ అనే క్రిస్టల్ ఉంటుంది. ముందు దాని చుట్టూ నైట్రోజన్ తిరిగేలా పైపులు, కూలింగ్ సెట్ చేయాలి. ఆ తర్వాతే ఎమిటర్‌తో లేజర్ కొట్టాలి. పుట్టిన కరెంట్ ఎస్‌ఎంఈఎస్ అనే పెద్ద బ్యాటరీల్లోకి, అక్కడి నుంచి గదులకు వెళ్తుంది. బ్యాటరీలోకి వచ్చేదాని కంటే బయటకు ఇచ్చేది తక్కువ ఉండాలి. లేదంటే కాసేపటికే ఖాళీ!

కూలింగ్ మర్చిపోయి లేజర్ కొడితే? క్రిస్టల్ వేడెక్కి పేలుతుంది. ఒక్కరి తొందరకు అందరి ఆట గోవిందా.

కడప జిల్లాలో ఇది నిజంగా జరిగే పనే. ప్రొద్దుటూరుకు దగ్గర్లోని ఆర్‌టీపీపీ సామర్థ్యం 1,650 మెగావాట్లు. అక్కడా బొగ్గు ఒక్కటే చాలదు. టర్బైన్ తిప్పిన ఆవిరిని చల్లబరిచి మళ్లీ నీరు చేయాలి. కూలింగ్‌కు నీళ్లు ఆగితే యూనిట్ ఆపాల్సిందే.

జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలోని సోలార్ ప్యానెళ్లకు పేలుడు భయం లేదు. కానీ రాత్రి కరెంట్ రాదు. గేమ్‌లోనూ సోలార్‌తో వచ్చేది తక్కువే. అయినా కొత్తవాళ్లు ముందు సోలార్ వైరింగ్ చేసుకుని, ఆ తర్వాతే క్రిస్టల్ జోలికి వెళ్తే సేఫ్.