ఫోను పాతదే... పనులే కొత్తవి!

పండగ ఆఫర్లు మొదలవగానే మనసు కొత్త ఫోను మీదికి పోతుంది. అన్ని మెగాపిక్సెళ్లు, ఇంత ర్యామ్... అంటూ ప్రకటనలు ఊరిస్తుంటాయి. ఇరవై వేలో ముప్ఫై వేలో పోసి కొంటాం. తీరా చేసేదేంటి? మళ్లీ అవే వాట్సప్ కబుర్లు, అవే రీల్స్, అదే యూపీఐ చెల్లింపు. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనుకే రెండు మూడు చిన్న పరికరాలు జోడించి, నాలుగైదు మంచి యాప్‌లు వేసుకుంటే అది పిల్లలకు ప్రయోగశాల అవుతుంది. పెద్దలకు చెవి అవుతుంది. పొలానికి వెళ్లినవారికి పిడుగు కబురు ముందే చెబుతుంది. ఎలాగంటారా?

ముందు ఇల్లు సర్దుదాం

‘ఫోను నెమ్మదించింది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఫోను కాదు, అందులో పేరుకున్న చెత్త. వాట్సప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్లి ‘మేనేజ్ స్టోరేజ్’ నొక్కండి. ఏ గ్రూపు ఎంత చోటు ఆక్రమించిందో లెక్క కనిపిస్తుంది. గుడ్‌మార్నింగ్ బొమ్మలూ, పదే పదే ఫార్వర్డ్ అయిన వీడియోలూ అక్కడే తుడిచేయొచ్చు. అక్కడే ‘మీడియా ఆటో డౌన్‌లోడ్’ ఆపేస్తే మళ్లీ పేరుకోవు.

గూగుల్ ఖాతాకు ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు... అన్నీ కలిపి అంతే. 2021 జూన్ నుంచి ఎక్కించిన ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. కాబట్టి పెళ్లి ఫొటోలూ, పిల్లల వీడియోలూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకోవడం మేలు. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఓటీజీ అనే చిన్న ముక్క చాలు. వేలి గోరంత ఉంటుంది, వందా రెండొందల్లో దొరుకుతుంది. దాన్ని ఫోనుకు తగిలిస్తే పెన్‌డ్రైవ్ ఒక్కటే కాదు, కీబోర్డూ మౌసూ కూడా పనిచేస్తాయి. అన్నట్టు, ఒకే చోట దాచింది దాచినట్టు కాదు. ముఖ్యమైనవి రెండు చోట్ల ఉంచండి.

పదివేలు అంటే పదివేలు కాదు!

పవర్‌బ్యాంక్ మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. మన ఫోను బ్యాటరీ 5,000. అంటే రెండుసార్లు నిండుతుందనుకుంటాం. నిండదు. ఆ 10,000 అనేది లోపలి సెల్ లెక్క. అక్కడ ఓల్టేజీ 3.7. బయటికి ఇచ్చేటప్పుడు దాన్ని 5 ఓల్టులకు పెంచాలి. ఆ మార్పిడిలో కొంత, వేడి రూపంలో కొంత పోతుంది. చివరికి చేతికందేది సుమారు ఆరువేల పైచిలుకు. అంటే ఫోను ఒకటిన్నరసార్లు నిండితే గొప్ప. అందుకే కొనేముందు పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉండే ‘రేటెడ్ కెపాసిటీ’ చదవండి. బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూడండి. విమానంలో వెళ్తుంటే పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

‘ఫాస్ట్ ఛార్జర్ కొన్నా వేగం లేదు’ అంటారు కొందరు. ఫోను, ఛార్జర్, కేబుల్... మూడూ ఒకే పద్ధతికి చెందితేనే ఆ వేగం. ఫోను 60 వాట్లకు మించి తీసుకునేదైతే మామూలు టైప్-సి కేబుల్ సరిపోదు, ఎక్కువ కరెంటును మోయగలిగే కేబుల్ కావాలి. బ్యాటరీకి అసలు శత్రువు వేడి. దిండు కింద పెట్టి రాత్రంతా ఛార్జింగ్ చేయడం, ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం దాని ఆయుష్షును తినేస్తాయి.

జేబులో ప్రయోగశాల

ఫోనులో మైకు, అయస్కాంత సెన్సర్, కదలికను కొలిచే సెన్సర్... ఇలా బోలెడు పరికరాలుంటాయి. వాటన్నిటినీ పిల్లల చేతికిచ్చే యాప్ ‘ఫైఫాక్స్’. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు దీన్ని తయారుచేశారు. ఉచితం.

సెలవురోజు ఇంట్లోనే ధ్వని వేగం కొలుద్దామా? రెండు ఫోన్లలో ఈ యాప్ వేసి ‘అకౌస్టిక్ స్టాప్‌వాచ్’ తెరవండి. రెండిటినీ సరిగ్గా అయిదు మీటర్ల దూరంలో పెట్టండి. మొదటి ఫోను దగ్గర అక్క చప్పట్లు కొట్టాలి. రెండు గడియారాలూ మొదలవుతాయి. తర్వాత రెండో ఫోను దగ్గర తమ్ముడు కొట్టాలి. రెండూ ఆగుతాయి. చప్పుడు ప్రయాణించడానికి పట్టే సమయం వల్ల రెండు ఫోన్లలోని అంకెలకూ కాస్త తేడా వస్తుంది. అయిదు మీటర్లకు రెట్టింపు, అంటే పదిని, ఆ తేడాతో భాగించండి. సెకనుకు 340 మీటర్లకు దగ్గరగా జవాబు వస్తే... పాఠ్యపుస్తకంలోని అంకెను మీ పిల్లలు స్వయంగా కనుక్కున్నట్టే!

‘ఫోల్డ్‌స్కోప్’ ఇంకో వింత. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఈ కాగితపు సూక్ష్మదర్శిని 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దీన్ని చిన్న అయస్కాంతంతో ఫోను కెమెరాకు అతికించుకోవచ్చు. ఉల్లిపొర కణాలూ, చీమ కాలూ తెర మీద చూస్తూ ఫొటో తీసుకోవచ్చు. పెరట్లో కూసే పిట్ట పేరు తెలియాలంటే అమెరికాలోని కోర్నెల్ ల్యాబ్ వారి ‘మెర్లిన్’ యాప్ ఉంది. కూత విని పేరు చెబుతుంది.

మబ్బు పట్టిందంటే...

తొలకరి వేళ పొలంలో పిడుగు పడి ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మీరున్న చోటుకు చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది, ముప్పు దగ్గరపడితే హెచ్చరిస్తుంది. లొకేషన్ ఆన్ చేసి ఉంచాలన్నది మరవొద్దు. పొలానికి వెళ్లే అన్నయ్య ఫోనులో, మేకల వెంట వెళ్లే పెద్దాయన కొడుకు ఫోనులో ముందుగా ఉండాల్సిన యాప్ ఇదే. ఉరుము వినపడితే మాత్రం యాప్ కోసం చూడొద్దు. చెట్టు కిందికి పోకుండా పక్కా ఇంట్లోకి వెళ్లాలి.

2019లో వచ్చిన ‘మేఘదూత్’ జిల్లాల వారీగా వాతావరణాన్ని బట్టి పంట సలహాలు ఇస్తుంది. మంగళ, శుక్రవారాల్లో ఈ సలహాలు మారుతుంటాయి.

పెద్దలకు చెవి, చూపు

తాతయ్యకు వినికిడి తగ్గిందా? గూగుల్ ‘లైవ్ ట్రాన్స్‌క్రైబ్’ తెరిచి ఫోను ఆయన ముందు పెట్టండి. మనం తెలుగులో మాట్లాడింది పెద్ద అక్షరాలుగా తెర మీద కనిపిస్తుంది. గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడితే తికమక పడుతుంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. నానమ్మకు మందుల కాగితం మీది ఇంగ్లిషు అర్థం కాకపోతే ‘గూగుల్ లెన్స్’ను దాని మీద ఉంచి తెలుగులోకి మార్చి చూపొచ్చు. కానీ మోతాదు మాత్రం డాక్టరు చెప్పిందే లెక్క. టైపు చేయడం కష్టమైతే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో చెబితే చాలు, అదే రాసిపెడుతుంది.

లైసెన్సు ఇంట్లో మరిచారా? గ్యాలరీలోని ఫొటో చెల్లదు. ‘డిజీలాకర్’లో ఉన్న లైసెన్సు, ఆర్‌సీ చెల్లుతాయని కేంద్ర రవాణాశాఖ 2018లోనే చెప్పింది.

అది మాత్రం తెరవొద్దు

ఇన్ని యాప్‌ల గురించి చెప్పాక ఒక హెచ్చరిక. యాప్ ఏదైనా ప్లేస్టోర్ నుంచో, ఐఫోనైతే యాప్‌స్టోర్ నుంచో మాత్రమే వేసుకోండి. ‘పెళ్లి శుభలేఖ’, ‘ట్రాఫిక్ చలానా’, ‘పీఎం కిసాన్’ అంటూ వాట్సప్‌లో వచ్చే ఏపీకే ఫైలు తెరిస్తే ఎస్సెమ్మెస్‌లూ ఓటీపీలూ దొంగ చేతికి వెళ్లొచ్చు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నమ్మొద్దు. వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. టార్చిలైటు యాప్‌కు మీ కాంటాక్టులతో ఏం పని? అలాంటి అనుమతి అడిగితే కాదనండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫోనే పోతే? ఇప్పుడే *#06# నొక్కండి. కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు డైరీలో రాసిపెట్టుకోండి. ఫోను పోయినప్పుడు పోలీసులకు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’లో ఆ నంబరు నమోదుచేస్తే మన దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ ఆ ఫోను పనిచేయకుండా అడ్డుకుంటారు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా అందులోనే చూసుకోవచ్చు.

అటకెక్కిన పాత ఫోన్లనూ పారేయక్కర్లేదు. వాటికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి కాబట్టి బ్యాంకు పనులకు వద్దు. సిమ్ తీసేసి వైఫైతో పిల్లల ప్రయోగాలకో, అమ్మ వంటింట్లో పాటలకో వాడుకోండి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఒక్కరోజు కూడా ఇంట్లో ఉంచకుండా ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇచ్చేయాలి.

కొత్త ఫోను కొనాలని ఇంకా అనిపిస్తోందా? కొనండి, తప్పేం లేదు. కాకపోతే దానికన్నా ముందు ఈ ఆదివారం ఓ గంట పాత ఫోనుకు కేటాయించండి. ఆ గంట తర్వాత కూడా కొత్తది అవసరమే అనిపిస్తే... అప్పుడు ఆఫర్ల సంగతి చూద్దాం!