పాటలో పలికే గొంతు ఎవరిది?
కవితలో "నేను", "మేము" అంటూ పలికే గొంతును సాహిత్య విమర్శలో వక్త అంటారు. ఆ వక్త, రచించిన కవి ఒకరే కానక్కరలేదు. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో పలాస సమీపాన ఉన్న బొడ్డపాడులో పూజారిగా పనిచేసి, శ్రీకాకుళ గిరిజన, రైతాంగ సాయుధ పోరాటంలో చేరి, 1969 డిసెంబరులో మరణించిన విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి పాటలలో వినిపించేది అర్చకుని స్వరం కన్నా రెక్కాడితే గాని డొక్కాడని కష్టజీవుల స్వరమే. ఆయన చేపట్టిన జముకుల కథలో, అనగా జముకు వాద్యంతో కథకుడు, అతనికి వంతపాడే వంతలు కలిసి చెప్పే ఉత్తరాంధ్ర జానపద కళారూపంలో, కథకుని మాటను వంతలు అందుకోగానే ఒక్కరి గొంతు ఊరందరి గొంతవుతుంది. అందుచేత వక్త ఎవరిని సంబోధిస్తున్నాడో, దేనిపై ఆగ్రహిస్తున్నాడో, ఏ శ్రమను తనదిగా చెప్పుకుంటున్నాడో పాఠకుడు ముందుగా చరణాలలోనే వెతకాలి. కవి జీవితం ఆ అన్వేషణకు తోడు కావాలే గాని దాని స్థానాన్ని ఆక్రమించరాదు.